సెక్రటరీ గారి మొక్క

శాలువా కప్పితే దుబారా, పూలగుత్తి ఇస్తే వృథా, కాబట్టి తనిఖీకి వచ్చే పెద్ద సార్లకు ఇకమీదట మొక్కలు మాత్రమే బహూకరించాలని పైనుంచి సర్క్యులర్ వచ్చింది. మంచి మాటే. మంచి మాట ఆఫీసు గడప దాటి లోపలికి వచ్చాక ఏ గతి పడుతుందో చూడాలంటే బొర్రంపేట మున్సిపాలిటీకి రావాలి.

సెక్రటరీ గారు వస్తున్నారని తెలియగానే కమిషనర్ నిరంజన్ గారు మొక్క గురించి సమావేశం పెట్టారు. తులసి ఇస్తే మతం అంటారు. గులాబీ ఇస్తే ముళ్లు. వేప ఇస్తే సార్‌కు చేదు చూపించామని ఎవడైనా చాడీ చెప్పొచ్చు. హోదాకు తగ్గ మొక్క కావాలి. చివరికి హైదరాబాదుకు జీపు పంపి, ఫిడేలు ఆకారంలో వెడల్పాటి ఆకులున్న ఒక అలంకార మొక్కను తెప్పించారు. అది పూయదు, కాయదు, నీడ ఇవ్వదు. నిలబడి ఉంటుంది, సేవ చేయించుకుంటుంది. ఆఫీసుకు ఇంతకంటే తగిన మొక్క ఉండదని చూసినవాళ్లంతా ఒప్పుకున్నారు.

సెక్రటరీ గారు మొక్క అందుకుని ఫొటో దిగారు. అప్పటికే ఆయన కారు డిక్కీ దారిలోని ఊళ్లవాళ్లు ఇచ్చిన మొక్కలతో నిండి, మూత పడక తాడుతో కట్టి ఉంది. "దీన్ని మీ దగ్గరే ఉంచండి. మళ్లీ వచ్చినప్పుడు ఎలా ఉందో చూస్తాను," అనేసి కారెక్కి పోయారు.

వదిలించుకోవడానికి అన్న మాట. చుట్టాలింట్లో చిన్నపిల్లాడికి కూడా అర్థమయ్యే మాట. కానీ కమిషనర్ గారు చేతులు కట్టుకుని, కారు లేపిన దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడిపోయారు.

"విన్నారా సదానందం గారూ? 'చూస్తాను' అన్నారు."

ఆఫీసు మేనేజర్ సదానందం తల మూడుసార్లు ఊపాడు. "మౌఖిక ఆదేశం సార్. సదరు మొక్క సంరక్షణ ఇప్పట్నుంచి ప్రభుత్వ కార్యము కిందికి వస్తుంది."

"ఎండితే?"

"ఎండితే బాధ్యులు ఉండాలి సార్. ముందు బాధ్యుణ్ణి నిర్ణయిద్దాం. నీళ్లు తర్వాత పోయొచ్చు."

ఆ మధ్యాహ్నమే అన్ని విభాగాలనూ పిలిచారు. ఉద్యానవన విభాగం ఆఫీసరు లేచి, పైకప్పు కింద ఉన్నది ఏదైనా తమ పరిధిలోకి రాదన్నాడు. ఎండాకాలంలో పైకప్పు లేని మొక్కలు కూడా తమ పరిధిలోకి రావని ఊరందరికీ తెలుసు, ఆ సంగతి వేరు. పారిశుద్ధ్య విభాగం వాళ్లు మొక్క చచ్చిన తర్వాత అయితే తీసుకుపోతామని, బతికున్నంతసేపు ముట్టుకునే అధికారం తమకు లేదని చెప్పారు. మొక్కకు కావాల్సింది ఏమిటి? నీళ్లు. నీళ్లు ఎవరివి? నీటి సరఫరా విభాగానివి. సరిగ్గా అప్పుడే ఆ విభాగం మనిషి ఒకడు పైపు లీకేజీ సంగతి చెప్పడానికి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. వాడి ఖర్మ.

అతని పేరు లింబాద్రి. ఔట్‌సోర్సింగ్ మీద వాల్వు తిప్పే పని. ఊరి చివర ఇటుకబట్టీ కాలనీకి పోయే పైపు వాల్వు అతని చేతిలో ఉంది. చేతిలో అంటే నిజంగా చేతిలోనే. ఆ వాల్వు పాతకాలం నాటిది. గుంతలో అడుగున ఉంటుంది. దాని తల అరిగి అరిగి వంకర పోయింది. దానికి సరిపోయేలా ఎప్పుడో ఒక ఫిట్టరు ఆకురాయితో గీసి తయారుచేసిన ఇనుప కీ ఒక్కటే ఉంది. మనిషి ఛాతీ ఎత్తు కడ్డీ, పైన అడ్డంగా పిడి. అది పెట్టి బలంగా తిప్పితే కాలనీకి నీళ్లు. తిప్పకపోతే లేవు. కాలనీవాళ్లు కమిషనర్ పేరు అడిగితే చెప్పలేరు గానీ లింబాద్రి చెప్పుల చప్పుడు గుర్తుపడతారు.

"ఇదిగో లింబాద్రీ, నీకు అదనపు బాధ్యత," అన్నాడు సదానందం. "నువ్వు ఇకనుంచి మొక్కకు నోడల్ అధికారివి."

"నాకు మొక్కల సంగతి తెల్వది సార్. మా ఇంట్ల బీరతీగ గూడ మా ఆడామే పెంచుతది."

"తెలియకపోవడం అర్హతకు అడ్డు కాదు," అన్నారు కమిషనర్ గారు. ఆ మాట ఆయన అనుభవంతోనే చెప్పారు.

*

మొదట్లో లింబాద్రి తెల్లారకముందే పోయి వాల్వు తిప్పి, కీ భుజాన వేసుకుని ఆఫీసుకు వచ్చి, కీ మూలకు ఆనించి, మొక్క ముందు నిలబడేవాడు. ఎండాకాలం మొదలైంది. మొక్కను చూస్తే జాలేసింది. బకెట్ నిండా నీళ్లు పోశాడు. రెండోరోజూ పోశాడు. ఆ వారంలోనే ఆకుల మీద గోధుమరంగు మచ్చలు పడ్డాయి. మెమో వచ్చింది: 'అతిగా నీరు పోసి ప్రభుత్వ మొక్క ఆరోగ్యమునకు భంగము కలిగించినందున...' భయపడి పోయడం మానేశాడు. ఆకుల అంచులు అప్పడాల్లా కరకరలాడాయి. ఇంకో మెమో వచ్చింది: 'తగు నీరు పోయక...' రెండు మెమోలకు మధ్య ఎక్కడో సరైన నీళ్లున్నాయి. ఎక్కడున్నాయో మెమో రాసినవాడికీ తెలియదు.

ఎండ తగలాలని కిటికీ దగ్గర పెట్టాడు. ఒక ఆకు కాలిపోయింది. నీడకు జరిపాడు. జరిపినందుకు ఒక ఆకు రాల్చింది. మళ్లీ మొదటి చోటికి తెచ్చాడు. ఇంకో ఆకు రాల్చింది. పెళ్లివారింట్లో అలిగిన మేనమామకైనా ఒక లెక్క ఉంటుంది, బతిమాలితే లేచి అన్నం తింటాడు. దీనికి ఏ లెక్కా లేదు.

కమిషనర్ గారు నిపుణుల సలహా తీసుకోవాలని నిర్ణయించారు. హైదరాబాదు నుంచి లాస్య మేడం అనే ఇండోర్ మొక్కల కన్సల్టెంటు ఫోన్ తెర మీద కనిపించింది. ఆమె వెనక ఒక గోడ నిండా మొక్కలు. వాటికి నీళ్లు పోసే మనిషి మాత్రం ఆ చుట్టుపక్కల కనిపించలేదు.

"హాయ్ అందరికీ! చూడండి, ఈ ప్లాంట్ కొంచెం సెన్సిటివ్. దీనికి వెలుగు కావాలి, ఎండ వద్దు. గాలి కావాలి, గాలి తగలొద్దు. నీళ్లు కావాలి, తడి ఉండొద్దు. అర్థమైందా?"

"అయ్యింది మేడం," అన్నారు కమిషనర్ గారు. ఆయన ఇరవయ్యేళ్లుగా ఇలాంటి ఉత్తర్వులే రాస్తున్నారు.

"మీ వాటర్‌లో క్లోరిన్ ఉందా? అదంటే దానికి పడదు."

లింబాద్రి చెయ్యెత్తాడు. "మేడం, మా ఇంటికాడ బోరు నీళ్లున్నయి, బాటిల్ల పట్టుకస్త."

"నువ్వు ఊరుకో," అన్నారు కమిషనర్ గారు. "మొక్కకే పడనిది ప్రజలకు ఎలా పడుతుంది? ఇది విధానపరమైన అంశం." ఊరి ట్యాంకులోనే క్లోరిన్ కలపడం ఆపేయమని ఉత్తర్వు వేశారు. ఆ ఉత్తర్వు కమిషనర్ గారి సొంత కడుపు చెడేదాకా అమల్లో ఉంది. తర్వాత 'ప్రజారోగ్య దృష్ట్యా' సవరించారు.

గాలి తగలకూడదు కాబట్టి ఫ్యాన్లు ఆపించారు. ఏసీ ఉన్న గది ఒక్కటే, అది కమిషనర్ గారిది. ఆయన తన గదిని మొక్కకు అప్పగించి, వరండాలో బల్ల వేయించుకుని కూర్చున్నారు. ఆ త్యాగం ఫొటో పేపర్లో వచ్చింది. తలుపు తీస్తే చల్లదనం పోతుంది కాబట్టి ఆ గదిలోని ఫైళ్లేవీ బయటికి రావు. ఇంటి పర్మిషన్ల కోసం వచ్చినవాళ్లకు, మొక్క కొత్త చిగురు వేశాక రమ్మని చెప్పి పంపించారు. వాళ్లు మళ్లీ వచ్చి, "చిగురేసిందా సార్?" అని అడగడం కూడా నేర్చుకున్నారు. అంత తొందరగా నేర్చుకునే జనం మనది.

లింబాద్రిని అబద్ధం చెప్పి మంచివాణ్ణి చేయక్కర్లేదు. అతనికీ ఆ గది రుచి తగిలింది. జన్మలో ఏసీ ఎరగని మనిషి. మెత్తటి గుడ్డతో ఒక్కో ఆకూ తుడుస్తూ, చల్లగా కూర్చోవడం అలవాటైంది. వాల్వు తిప్పడానికి పొద్దునే లేవడం బరువైంది. ముందు ఆలస్యంగా తిప్పాడు, తర్వాత సగమే తిప్పి వచ్చాడు. కాలనీ చివరి ఇంట్లో ఉండే ముసలి ఈరవ్వ నల్లాలో నీళ్లు రాక గాలి మాత్రం ఈల వేసింది.

"కొడుకా లింబా," అని ఆమె దారిలో పట్టుకుంది. "మొక్క కొలువు జేస్తున్నవట గదా. జర మమ్ముల గూడ గా కుండీల వెట్టుకోరాదు, ఇన్ని నీళ్లన్న దొరుకుతయి."

లింబాద్రి తల దించుకుని పోయాడు. పోయిన చోట చల్లగా ఉంది, కాబట్టి కాసేపటికి మరిచిపోయాడు.

*

మొక్క ఒక పక్కకు వాలడం మొదలుపెట్టింది.

లాస్య మేడం ఫోన్లో చూసి పెదవి విరిచింది. "సపోర్ట్ కావాలి. స్ట్రాంగ్‌గా, స్ట్రెయిట్‌గా ఉండేది. కర్ర వద్దు, ఫంగస్ వస్తుంది."

సదానందం గది నాలుగు మూలలా చూశాడు. ఒక మూలలో వాల్వు కీ కనిపించింది. నిటారుగా, బలంగా, తుప్పు కూడా పట్టకుండా లింబాద్రి చెయ్యి పడి పడి మెరుస్తోంది. సదానందం మొహం కూడా మెరిసింది.

"సార్, అది నా కీ సార్!" లింబాద్రి అడ్డం వచ్చాడు. "అది లేకపోతే మా కాలనీకి నీళ్లు రావు సార్."

"నీది కాదు, మున్సిపాలిటీది," అన్నాడు సదానందం. "మొక్క కూడా మున్సిపాలిటీదే. ఒక ఆస్తి మరో ఆస్తికి తోడు నిలబడితే మధ్యలో నీకేం బాధ?"

"మరి వాల్వు?"

"కొత్త కీకి ఇండెంట్ పెట్టు."

కీని కుండీలో నిలువునా దింపారు. ఎర్ర రిబ్బను తెచ్చి, కాండాన్ని కీకి చుట్లు చుట్లుగా కట్టి ముడి వేశారు. కమిషనర్ గారు స్వయంగా మూడు అడుగులు వెనక్కి వేసి చూసి, తృప్తి పడి, సదరు ఆధారాన్ని మొక్క నుండి ఎట్టి పరిస్థితుల్లోనూ వేరు చేయరాదని ఉత్తర్వు జారీ చేశారు.

లింబాద్రి ఇండెంట్ పెట్టాడు. స్టోర్సు గుమాస్తా చదివి తిరిగిచ్చాడు. కొత్త కీ చేయించాలంటే పాత కీ నమూనా కావాలి. పాత కీ కుండీలో ఉంది. కుండీలోంచి తీయాలంటే లాస్య మేడం ఒప్పుకోవాలి. వేర్లు కదిలితే మొక్క షాక్‌కు గురవుతుందని లాస్య మేడం అంది. పోనీ వేరే వాల్వుల కీలు తెచ్చి ప్రయత్నించాడు లింబాద్రి. ఒక్కటీ ఆ వంకర తలను పట్టలేదు, జారిపోయాయి.

కాలనీలో నల్లాలు పూర్తిగా ఎండిపోయాయి. అప్పుడప్పుడూ వచ్చే ట్యాంకరు మీద బతకసాగారు. అది కూడా ఎక్కువకాలం నడవలేదు. ఏసీ వల్ల గదిలో గాలి పొడిబారిందని, మొక్క చుట్టూ తేమ ఉండాలని, వెడల్పాటి పాత్రల్లో నీళ్లు నింపి పెట్టాలని లాస్య మేడం చెప్పింది. కాలనీకి పోయే ట్యాంకరు ఆఫీసు ముందు ఆగింది.

లింబాద్రి ఇంట్లో అతని కూతురు మమత కాన్పుకు వచ్చి ఉంది. ఆడపిల్ల పుట్టింది. మైల కడిగే పురుడు వేడుక దగ్గర పడుతోంది. పురుడు నాడు ఇల్లంతా కడగాలి, బాలింతకు తలారా స్నానం చేయించాలి, పాపకు పోయాలి, బట్టలన్నీ ఉతకాలి, వియ్యంకుల తరఫు వాళ్లు వస్తారు. చేతిబోరు అడుగంటింది. పక్క వాడ నుంచి భార్య నర్సవ్వ మోసుకొచ్చే బిందెడు నీళ్లు తాగడానికే సరిపోవడం లేదు.

"ఏమయ్యా," అంది నర్సవ్వ, అన్నం గిన్నె అతని ముందుకు తోస్తూ. "నీ పని నీళ్లిడుసుడు. ఊరంత నిన్ను గదే పేరుతోని పిలుస్తరు. నీ బిడ్డ తల మాసి అట్టలు గట్టింది. వాసనకు పసిపోరి గూడ పాలు తాగక మొకం దిప్పుకుంటాంది. నువ్వేమో ఆకులు తుడుసుకుంట కూసుంటున్నవు."

"నేనేం జెయ్యాలె? సార్లు కీ గుంజుకున్నరు."

"గుంజుకునేటప్పుడు నీ చేతులేడ వోయినయి?"

"తీసేస్తరే, కొలువు."

"కొలువు ఇంకా ఉన్నదనుకుంటున్నవా? వాల్వు లేనోడికి వాల్వు కొలువేంది?"

 లింబాద్రి సగం తిన్న గిన్నె పక్కకు జరిపి లేచాడు.

*

మర్నాడు కాలనీ ఆడవాళ్లు ఖాళీ బిందెలతో ఆఫీసుకు వచ్చారు. ముందు నర్సవ్వ, వెనక ఈరవ్వ, ఆ వెనక ముప్పై నలభై మంది. మెట్ల మీద బిందెలు వరసగా పెట్టి కూర్చుని, కమిషనర్‌ను బయటికి రమ్మన్నారు.

కమిషనర్ గారు వరండాలోనే ఉన్నారు కాబట్టి బయటికి రావాల్సిన అవసరం రాలేదు. ఆయన కళ్లు ముందు మనుషుల మీద పడలేదు, బిందెల మీద పడ్డాయి. వెడల్పాటి స్టీలు బిందెలు, ఇత్తడి బిందెలు, రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు.

"సదానందం గారూ," అన్నారు కమిషనర్ గారు మెల్లగా. "పాత్రల కోసం టెండర్ పిలవాలనుకున్నాం కదూ."

అరగంటలో బిందెలన్నీ లోపలికి చేరాయి. నీళ్లు నింపి ఇస్తున్నారనుకుని ఆడవాళ్లే అందించారు. నిజమే, ట్యాంకరు పైపు పెట్టి నింపారు కూడా. నింపి మొక్క చుట్టూ పేర్చారు. తలుపు మూసి గొళ్లెం పెట్టారు.

"మా బిందెలు!" అని ఈరవ్వ తలుపు బాదింది.

"అమ్మా, గట్టిగా మాట్లాడొద్దు, మొక్క ఉంది," అన్నాడు సదానందం. "మీ బిందెలు ప్రజా భాగస్వామ్యం కింద స్వీకరించాం. సెక్రటరీ గారి పర్యటన ముగిసిన తదుపరి సముచిత రీతిలో తిరిగి ఇవ్వబడతాయి."

"నీళ్లు లేవని అడగనొస్తే బిందెలు గుంజుకుంటర్రా? నీ ఇంట్ల కుండ పగల!"

మర్నాటి పేపర్లో వార్త వచ్చింది: 'మొక్క కోసం కదిలిన మహిళాలోకం. స్వచ్ఛందంగా బిందెలు అందించిన కాలనీ వాసులు.' ఫొటోలో నర్సవ్వ నోరు తెరిచి తిడుతూ ఉంది. కింద 'ఆనందోత్సాహాలతో మహిళలు' అని రాశారు.

ఆ పేపరు సదానందం లింబాద్రికే ఇచ్చాడు, మొక్క కింద పరచమని. లింబాద్రి బిందెల మధ్యన నిలబడి చూశాడు. అందులో తన ఇంటి బిందె ఉంది. అంచు కింద చిన్న సొట్ట. మమత చిన్నప్పుడు మోయలేక జారవిడిచిన సొట్ట. దాన్నిండా నీళ్లున్నాయి, నీళ్లలో ఒక ఫిడేలాకు నీడ ఊగుతోంది. ఏసీ చల్లగా వీస్తోంది. ఇన్నాళ్లకు మొదటిసారి అతనికి ఆ చల్లదనం ఒంటికి అసహ్యంగా తగిలింది.

*

పురుడు నాడు పొద్దున, వంటవాళ్లు వచ్చి నీళ్లేవని అడిగారు. నర్సవ్వ ఖాళీ కుండ బోర్లించి చూపించింది. భర్త వైపు చూడను కూడా చూడలేదు. లింబాద్రి చెప్పులు వేసుకుని ఆఫీసుకు నడిచాడు.

సెక్రటరీ గారు మళ్లీ వస్తున్నారని ఆ ఉదయమే కబురు వచ్చింది. ఆఫీసంతా మొక్క ముందే ఉంది. ఒకరు ఆకులకు కొబ్బరినూనె రాస్తున్నారు, ఒకరు రాలిపోయిన చోట్లు కనపడకుండా కుండీని గోడ వైపు ఎటు తిప్పాలో అంచనా వేస్తున్నారు. లింబాద్రి బిందెలు దాటుకుంటూ పోయి, కుండీని రెండు చేతుల మీదికి ఎత్తుకుని, బయటికి నడిచాడు.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. నోడల్ అధికారి కదా, ఎండ చూపిస్తాడేమో అనుకున్నారు. మెట్లు దిగి చెత్త ఆటోలో కుండీ పెట్టి, డ్రైవరును "నడువు" అన్నాక కమిషనర్ గారు కుర్చీలోంచి లేచారు.

"ఆపండి! పట్టుకోండి!"

ఇద్దరు ఉద్యోగులు ఆటో వెనక పరిగెత్తి కుండీ పట్టుకోబోయారు.

"లాగొద్దు!" అని అరిచింది కూడా కమిషనర్ గారే. "వేర్లు కదులుతాయి!"

వాళ్లు వదిలేశారు. లింబాద్రి కీని గట్టిగా పట్టుకున్నాడు. ఆ క్షణం అతనికి ఒక సంగతి తెలిసివచ్చింది. మనిషిగా అతన్ని ఈడ్చి పారేయడానికి ఆ ఆఫీసులో అందరికీ చేతులున్నాయి. మొక్కను పట్టుకున్న మనిషిని ముట్టుకోవడానికి ఒక్కడికీ ధైర్యం లేదు.

ఊరు ఆ ఊరేగింపును చాలాకాలం చెప్పుకుంది. ముందు చెత్త ఆటో, దాని మైకులో తడి చెత్త, పొడి చెత్త వేరు చేయండని పాట. ఆటోలో మొక్క. పక్కన లింబాద్రి. వెనక కమిషనర్ గారి కారు. కారుకు ముందు, మొక్కకు ఎండ తగలకుండా గొడుగు పట్టుకుని పరిగెత్తుతున్న సదానందం. "మెల్లగా పోనీవయ్యా! గతుకులున్నాయి!" అని ఆయన డ్రైవరును బతిమాలాడు. ఆ రోడ్డు మీద గతుకులున్నాయని మున్సిపాలిటీ ఒప్పుకోవడం అదే మొదటిసారి.

వాల్వు గుంత దగ్గర కాలనీ అంతా చేరింది. లింబాద్రి కుండీ దించి, రాయి తీసుకుని ఒక్కటి వేశాడు. కుండీ పగిలింది. మట్టి రాలింది. నడిమి కడ్డీకి వేర్లు పెనవేసుకుని ఉన్నాయి, అడుగు మాత్రం శుభ్రంగా ఉంది. అతను రిబ్బను ముడి మీద చెయ్యి వేశాడు.

"ముడి విప్పొద్దు!" కమిషనర్ గారు కారు దిగుతూనే కేక వేశారు. "ఆధారం నుండి మొక్కను వేరు చేయరాదని స్పష్టమైన ఉత్తర్వు ఉంది!"

లింబాద్రి ఆగాడు. "విప్పొద్దా సార్?"

"విప్పొద్దు!"

"సరే సార్," అన్నాడు లింబాద్రి. మొక్కతో సహా కీని గుంతలోకి దింపి, అడుగును వాల్వు తల మీద ఎక్కించి, పిడి పట్టుకుని తిప్పాడు.

మొక్క గిర్రున తిరిగింది. ఒక ఆకు రాలి కమిషనర్ గారి బూటు మీద పడింది.

"ఏం చేస్తున్నావ్!"

"ఉత్తర్వు ప్రకారమే సార్. ముడి ఇప్పలేదు."

సదానందం చేతిలోని ఫోన్లో లాస్య మేడం ప్రత్యక్షమైంది. "రొటేట్ చేయడం మంచిదే అండీ, అన్ని వైపులా వెలుగు తగులుతుంది. కాకపోతే వారానికి ఒక పావు చుట్టు..." ఇంకో ఆకు రాలింది. "ఓ మై గాడ్," అని ఫోను చీకటైపోయింది.

చాలా రోజులుగా కదలని వాల్వు మొండికేసింది. లింబాద్రి కాలు గట్టుకు తన్ని పెట్టి, ఒళ్లంతా వేసి తిప్పాడు. చుట్టు తిరిగిన కొద్దీ ఆకులు టపటపా రాలుతున్నాయి. గుంత పక్కన ఎక్కడో పైపు మూలిగింది. మొదటి ఇంటి నల్లాలో గాలి కొట్టింది, తర్వాత ఎర్రటి మట్టి నీళ్లు, తర్వాత నీళ్లు. ఒకావిడ కేక వేసింది. బిందెలు లేవు కాబట్టి గిన్నెలు, టబ్బులు, పసిపిల్లల స్నానాల తొట్టెలు, చివరికి అన్నం వార్చే గంజు కూడా బయటికొచ్చాయి. పట్టుకోకముందే పోయిన నీళ్లు వీధి పక్క మురుగు మోరీలోకి పారాయి.

"చాలు! నీళ్లు వచ్చాయిగా!" అన్నారు కమిషనర్ గారు. "ఇక ఆపు!"

"ముందటి ఇండ్లకే అచ్చినయి సార్. కడమ ఇండ్లకు ఎక్కాలె."

"లింబాద్రీ, చూడు. నా మాట విను. పైన ఇంకా రెండు ఆకులున్నాయి. సెక్రటరీ గారు బయల్దేరారు. ఆ రెండూ ఉంటే దూరం నుంచి చూపించి ఎలాగో..." గొంతు వణికింది. ఆ గొంతు మనుషుల కోసం వణకగా ఎవరూ వినలేదు. "నీకు ఏం కావాలో చెప్పు."

లింబాద్రి పిడి మీద చేతులు ఉంచి, కాలనీ చివరకు చూశాడు. అక్కడ ఈరవ్వ తన నల్లా ముందు చెంబు పట్టుకుని వంగి కూర్చుంది. నల్లా ఇంకా ఈల వేస్తోంది. దానికి ముందున్న ఇల్లు అతనిది. వాకిట్లో పీట వేసి, తలకు నూనె పెట్టుకుని మమత కూర్చుని ఉంది. స్నానానికి.

"తిప్పుతవా లేదా?" అంది నర్సవ్వ.

"నిన్ను తీసేస్తాను!" కమిషనర్ గారి గొంతు మళ్లీ మామూలైంది. "ఈ రోజే తీసేస్తాను!"

"తీసెయ్యండి సార్," అన్నాడు లింబాద్రి. "ఇంకో సుట్టున్నది."

తిప్పాడు. రెండు ఆకులూ ఒకదాని వెంట ఒకటి రాలాయి. కీకి ఎర్ర రిబ్బనుతో కట్టిన ఒక పుల్ల మిగిలింది. నర్సవ్వ ఇంటి వైపు పరిగెత్తింది. కాసేపటికి ఈరవ్వ నల్లా దగ్గినట్టు రెండు సార్లు ఉమ్మి, ధారగా పోసింది. ఆమె చెంబు పక్కన పెట్టి, ముందు మొహం కడుక్కుంది.

మోరీలో నీళ్లు నిండుగా పారుతున్నాయి. నీళ్ల మీద ఫిడేలాకులు ఒకదాని వెనక ఒకటి తేలిపోతున్నాయి.

"ఆకులు!" అన్నారు కమిషనర్ గారు. "ఆకులు పట్టుకోండి! గమ్ము తెప్పించండి, అతికిద్దాం!"

సదానందం గొడుగు పారేసి మోరీ గట్టు మీద కూర్చుని చెయ్యి చాపాడు. ఉద్యోగులు ప్యాంట్లు పైకి మడుచుకుని దిగారు. ఆ మోరీ తీయించమని కాలనీవాళ్లు ఎన్ని దరఖాస్తులు పెట్టినా దిగని కాళ్లు, ఇప్పుడు పిక్కల దాకా అందులో ఉన్నాయి. ఒకడు ఆకు పట్టుకుని పైకెత్తితే, అది ఆకు కాదు, ఇంకేదో. ఆడవాళ్లు గట్టు మీద నిలబడి చోద్యం చూశారు. ఒకామె జాలిపడి జల్లెడ ఇవ్వబోయింది, పక్కామె ఆమె చెయ్యి వెనక్కి గుంజింది.

"ఒరే లింబాద్రీ!" సదానందం మోరీలోంచే అరిచాడు. "మొత్తం ఎన్ని ఆకులుండేవిరా? నోడల్ అధికారివి నువ్వే కదా! లెక్క చెప్పు!"

లింబాద్రి వినలేదు. అప్పటికే ఇంటికి చేరి, వాకిట్లో నల్లా కింద టబ్బు నిండి పొర్లుతుంటే పక్కకు లాగి, ఖాళీ గంజు పెడుతున్నాడు. పీట మీద మమత కళ్లు మూసుకుని తల వంచింది. నర్సవ్వ మొదటి చెంబు పోసింది.